తిడితేనే తినే సుబేదారు

నారపరెడ్డి ఇంట్లో ఓబులమ్మ అని వంటామె ఉండేదంట. మొగుడు పోయినాక ఇరవై ఏండ్లు ఆ ఇంటి పొయ్యికాడనే బతికింది. ఆ రెడ్డికి పెండ్లాం లేదు, బిడ్డల్లేరు, ఉండేదల్లా ఒక కుక్క. దాని పేరు సుబేదారు. పద్నాలుగేండ్ల ముసలి కుక్క. వయసులో ఉన్నప్పుడు అది మూతి పెట్టని సంగటి కుండ ఊర్లో లేదనుకో. రెడ్డి కుక్క కదా, ఎవురూ ఒక్క మాట అనేదానికి లేదు. ఇప్పుడేమో పండ్లు ఊడిపోయినాయి, ఒక కన్నుకు తెల్లగా పూత వచ్చింది, ఎనక కాళ్ళు వణుకుతాయి, మూత్రం సరిగ్గా రాదు. రెడ్డి టౌను నుంచి పశువుల డాక్టరును జీపులో పిలిపించినాడంట. ఆ డాక్టరు పొట్ట నొక్కి చూసి, నోరు తెరిచి చూసి, మూత్రపిండాలు చెడిపోయినాయి రెడ్డిగారూ, ఉప్పు తగలనీయొద్దు, నూనె తగలనీయొద్దు, ఎముక చూపించొద్దు, మెత్తగా ఉడికిన అన్నం, గుమ్మడికాయ, గుడ్డులో తెల్లసొన, అంతే, పూటకొక మాత్ర, తింటే ఇంకో రెండేండ్లు, తినకపోతే పది దినాలు, అని చెప్పి జీపెక్కినాడు.

ఏమైందంటే, అది తినల్యా. ఎండి తట్టలో పెట్టినా తినల్యా, అరిటాకులో పెట్టినా తినల్యా. వాసన చూసేది, ఓబులమ్మ మొగం చూసేది, తల అట్లా తిప్పుకునేది. బెల్లంలో మాత్ర పెట్టి ఇస్తే బెల్లమంతా నాకేసి మాత్రను మాత్రం తుపుక్కుమని ఊసేది, అంత తెలివి. ఇంక రెడ్డి సంగతి చూడాల మీరు! ఊర్లో పెద్దమనిషొస్తే కూచోమని కూడా అననోడు, ఆ కుక్క ముందర గొంతుకూచోని, విసనకర్రతో విసురుకుంటా, 'మా నాయనవు కదా, ఒక్క ముద్ద, ఇదో ఇంతే ముద్ద' అని బతిమాలతా ఉంటే, ఓబులమ్మ నవ్వొచ్చి కొంగు నోట్లో కుక్కుకునేదంట. మీరు నవ్వుతాండారు గానీ, ఆమెకు నవ్వు ఎంతసేపు? కుక్క తినకపోతే రెడ్డి తినడు. రెడ్డి తినకపోతే ఆయప్పకు కోపం. చెరువు తూము బీగంచెవి యాడుండాది? ఆయప్ప మొలతాడుకే ఉండాది. ఆకలిమింద ఉన్నోడు తూము తెరుస్తాడా? తెరవడు. కింద కయ్యల్లో వరి ఎన్నుకొచ్చి నిలబడింది, నీళ్ళు లేక నేల నెర్రెలిస్తాండాది.

ఇంక చూడు, పొద్దన లేస్తే ఊరు ఊరంతా ఓబులమ్మ చుట్టే. 'ఒదినా, మీ కుక్క తినిందా?' 'అక్కా, సుబేదారు కొంచమన్నా ముట్టినాడా?' సొంత బిడ్డ జరంతో పండుకున్నా అంత మంది అడగరు. ఒకామె పెరుగన్నం తెచ్చింది, ఒకామె సద్దసంగటి తెచ్చింది. సాలమ్మ అని, కింద కయ్య ఆమెదే, ఆమె ఏం చేసింది, ఎవురికీ తెలీకుండా ఎండుచేప ముక్క పెట్టేసింది. అది నాకింది. తెల్లారేసరికి దాని మొగమంతా ఉబ్బి గుమ్మడికాయంత అయింది. రెడ్డి ఇంటిమిందికి ఎక్కినంత పని చేసినాడు. ఓబులమ్మను పిలిచి, 'నా సుబేదారును సంపాలని చూస్తాండారు మీరంతా. రేపు మాపటికి అది తినకపోతే నువ్వు మూట కట్టుకో' అన్నాడు. ఇరవై ఏండ్లు ఆ పొయ్యిలో ఊది ఊది ఆమె కండ్లు మసకలు పడినాయి. యాడికి పోతాది, చెప్పండి?

మరుసటి దినం మద్యానం, ఓబులమ్మ ఎనక పెరట్లో కూలబడింది. రెండు దినాలుగా తాను కూడా తినల్యా. కుక్క వద్దన్న ఆ గుమ్మడికాయ కూడునే పారబోసేదానికి మనసు రాక తన సొట్ట తట్టలో ఏసుకునింది. ఇంత సప్పిడి కూడు ఎట్లా తినేదిరా దేవుడా అని ఉల్లిగడ్డ తెచ్చుకునేదానికి లోపలికి పోయింది. పోయి వచ్చేతలికి సుబేదారు ఆ తట్టలో మూతి పెట్టి గబగబా మింగుతాండాడు! ఆమెకు అది కుక్క అని కూడా తట్టల్యా, ఆకలిమింద ఉంది కదా, 'ఓరి దొంగసచ్చినోడా, నీ నోట మన్ను పడ, నా కూడు తింటావా!' అని గట్టిగా అరిచింది. అది తోక ఊపింది. ఇంకా బిరబిరా తినింది. ఈమె ఎంత తిడితే అంత తినింది. తట్ట నాకి, ఆ పక్కనే ఎండలో పండుకునింది.

సందేళ మళ్ళా ఎండి తట్టలో పెట్టి చూసింది. కుక్క మూతి తిప్పుకునింది. ఈమె సొట్ట తట్టలో తనకు పెట్టుకున్నట్టు పెట్టుకోని, మాత్రను నలిపి కలిపి, అటుపక్క తిరిగి కూచునింది. కుక్క వచ్చింది. మూతి పెట్టింది. ఈమె మొదలుపెట్టింది, 'నీ కడుపు కాల, నీ పాడె కట్ట!' అని. ఆ మాటలు రెడ్డి చెవిన పడినాయి. పంచె ఎగజెక్కుకోని పరిగెత్తుకోనొచ్చినాడు. 'ఏమే, నా కుక్కను తిడతావా?' ఓబులమ్మ టక్కున నోరు మూసుకునింది. ఆమె మూసుకుంటానే కుక్క కూడా తినేది నిలబెట్టేసింది. 'అయ్యా, తిడితేనే తింటాదయ్యా. దొంగతనం చేసినట్టుంటేనే దానికి రుచి' అనిందంట ఈమె. రెడ్డి కుక్కను చూసినాడు, ఓబులమ్మను చూసినాడు. మెల్లగా, 'ఏదీ, తిట్టు' అన్నాడు. ఆమె తిట్టింది. అది తినింది. 'ఇంకొంచెం గట్టిగా తిట్టు' అన్నాడు. ఆ మాపటికి రెడ్డి కడుపు నిండా తిన్నాడు, తూము తెరిచినాడు.

అయితే కుక్క గడుసుది. నాలుగు దినాలకు ఓబులమ్మ తిట్లు దానికి అలవాటైపోయినాయి. కొత్త గొంతు కావాల. రెడ్డే చాటింపు ఏయించినాడంట, మద్యానం పూట ఆడోళ్ళు వచ్చి సుబేదారును తిట్టాల అని. మొదట భయపడినారు. సాలమ్మే ముందరికొచ్చింది. 'ఎవుని కూడురా నువ్వు తినేది? ఎండలో నడుము వంచి నాట్లేసేది మేము, మెక్కేది నువ్వా? ఒక్కనాడన్నా ఒళ్ళొంచినావా? వాకిట్లో పండుకోని వచ్చేపోయేవాళ్ళమింద మొరిగేది తప్ప నీకేం తెలుసు!' రెడ్డి తలూపతా, 'బాగుందమ్మా, ఇంకో నాలుగు ముద్దలు దిగినాయి' అన్నాడు. ఇంక ఆపతారా? ఒక ముసలామె ఊతకట్టె ఊపుకుంటా, 'మా మామ కాలం నుంచి చూస్తాండా, నీకు ఎంతున్నా సాలదు. మా కయ్య గట్టును మూడు మూరలు లోపలికి జరిపినావు కదరా!' అనేసింది. ఓబులమ్మ ఆమె తొడ గిల్లింది. కుక్క గట్టెట్లా జరుపుతాదని రెడ్డికి తట్టల్యా, ఆయప్ప చూపంతా తట్టమిందే.

ఇట్లా రెండు నెలలు జరిగింది. వరి కోతకొచ్చింది, ఆడోళ్ళ మొగాలు తేటపడినాయి, కుక్క ఒళ్ళు చేసింది. ఒకనాడు ఏమైందంటే, సుబేదారు తినేసి మెల్లగా లేచి పోయి అరుగు కింద పండుకునింది. తిట్టే ఊపులో ఎవురూ చూసుకోల్యా. ఖాళీ తట్ట, దాని పక్కన రెడ్డి ఒక్కడే నిలబడి ఉండాడు, ఈళ్ళు తిడతానే ఉండారు. ఓబులమ్మకు ముందర తెలిసింది, తిట్టేది సగంలోనే ఆపి పక్కామె కొంగు లాగింది. ఒకామె తర్వాత ఒకామె నోరు మూసుకున్నారు. రెడ్డి తట్టను చూసినాడు. ఈళ్ళను చూసినాడు. 'అది పోయి ఎంతసేపైందమ్మా?' అన్నాడు. 'మేము చూసుకోలేదయ్యా' అనింది ఓబులమ్మ. ఆయప్ప, 'రేపు గుమ్మడికాయ ఇంకొంచెం మెత్తగా ఉడకాల' అని లోపలికి పోయినాడు.

మరుసటి దినం అదే పొద్దుకు అదే చోట నిలబడినాడు, తువ్వాల చెవులకు గట్టిగా చుట్టుకోని. ఏమయ్యా అంటే చలి అన్నాడంట. రోహిణి కార్తె! కుక్క తినాల కదా, ఏం చేస్తాడు.

డాక్టరు చెప్పిన రెండేండ్లూ బతికినాక పోయింది సుబేదారు. ఊరి ఆడోళ్ళంతా ఎంత ఏడ్చినారో తెలుసునా? ఉత్తుత్తిగా కాదు, నిజంగానే ఏడ్చినారు. అందరికంటే గట్టిగా సాలమ్మ. రెడ్డి పాపం టౌనుకు పోయి ఇంకో కుక్కను తెచ్చుకున్నాడు. అది మంచిదేలే, ఏం పెట్టినా నోరు మూసుకోని తింటాది. ఏం లాభం? ఎవురికి పనికొస్తాది చెప్పు, అట్లాంటి కుక్క?