నీళ్లడిగితే వచ్చిన మిషన్

"సంతోషమేనా" అని అడగబాకమ్మా నన్ను! పొద్దుట్నుంచీ అడిగిందే అడుగుతున్నావు. మిషన్ ఇచ్చిన దేశం వాళ్ల ఢిల్లీ ఆఫీసులో ఉద్యోగమైతే మాత్రం, తెలుగుపిల్లవి, నీక్కూడా విడమరిచి చెప్పాలా హేమశ్రీ?

ఇట్టా నీడలోకి రా. మంచం మీద కూర్చో. చూశావా మా పొదిలి ఎండ? ఈ ఎండకి కల్లంలో పోసిన మిరపకాయ, పక్కకి తిరిగి చూసేలోపు గలగలమంటుంది. అట్టాంటి ఊరికి కాయలెండబెట్టే మిషనా?

మేం అడిగింది నీళ్లమ్మా, నీళ్లు! ఆ దేశం నుంచి ఒక తెల్లాయన మా మహిళా సంఘం మీటింగుకొచ్చి, "మీకేం కావాలి?" అన్నాడు. అందరిదీ ఒక్కటే మాట. మా బోర్లలో ఫ్లోరైడు గదా. గుల్జార్ బేగాన్ని చూశావుగా, దాంతోనే మెడ పట్టేసింది. పక్కనోళ్లతో మాట్లాడాలంటే మనిషి మనిషంతా తిరగాల్సిందే.

ఆవిడ అట్టా తిరిగి దణ్ణం పెడితే, అదేదో మా ఊరి మర్యాద కాబోలనుకుని, ఆయన కూడా ఒళ్లంతా బిగబట్టి గిర్రున తిరిగి దణ్ణం పెట్టాడు! నవ్వాలో ఏడవాలో తెలీలా. గుల్జారే ముందు నవ్వింది.

నవ్వు, నువ్వూ నవ్వు. పర్లేదు.

ఆయన మంచోడే. నీళ్ల సంగతి విని కళ్లు తుడుచుకున్నాడు. కానీ ఆయన మాటలు మాకు తెలుగులో చెప్పే ప్రేమ్‌చంద్ గారున్నారే, ఒంగోలాయన, మెల్లిగా నా చెవిలో ఊదాడు. "పేరమ్మా, నీళ్లకిచ్చే సాయం పోయినేడాదితో సరి. ఈ ఏడు వాళ్ల ప్రభుత్వం ఆడవాళ్లకీ, వాతావరణానికీ ఇస్తానంది. నీళ్లంటే రాదు."

"మేం ఆడవాళ్లం కామా? బిందెలు మోసేది మగాళ్లా? వానలు పడకపోవడం వాతావరణం కాదా?" అన్నా.

అదే ఇంగ్లీషులో చెప్పాడు. తెల్లాయన మొహం వెలిగిపోయింది! నా రెండు చేతులూ పట్టుకుని ఒకటే ఊపుడు. ఇంకేముంది, కొళాయిలు వచ్చినట్టే అనుకున్నాం.

ఆయన విమానం ఎక్కాడో లేదో, అక్కడ ఎలక్షన్లు. కొత్త గవర్నమెంటు. మనం ఏ దేశానికి సాయం చేసినా మన ఫ్యాక్టరీ సరుకే ఇవ్వాలన్నారంట. మరి నీళ్లకి ఫ్యాక్టరీ ఉంటుందా? ఎండబెట్టే మిషన్లకి ఉందంట, కొనేవాళ్లు లేక పడుందంట, పైగా అది మంత్రిగారి సొంతూళ్లోనేనంట! ప్రేమ్‌చంద్ గారే ఫోన్ చేసి చెప్పాడు.

నీళ్లడిగితే, కాయలో ఉన్న నీళ్లు కూడా పీల్చే మిషన్ పంపారు. చోద్యం కాకపోతే ఏంది చెప్పు!

ఆఁ? వద్దని ఎందుకు చెప్పలేదనా?

చెప్దామనే అనుకున్నాం. ఈలోగా పునాది వేయించడానికి వాళ్ల ఇంజినీరు దిగాడు. మా బోరు నీళ్లు సీసాలో పట్టి ఏందో పరీక్ష చేసి, తల అడ్డంగా ఊపాడు. ఉప్పు జాస్తి, ఈ నీళ్లు సిమెంటుకి పనికిరావన్నాడు.

సిమెంటుకి! నా పిల్లల్ని ఆ నీళ్లు పోసే పెంచానమ్మా నేను.

ఇంక చూడు, పునాది తడపడానికి కాంట్రాక్టరు రోజూ ట్యాంకర్లో సాగర్ నీళ్లు తోలించాడు. బిందెలతో కాపు కాశాం. సిమెంటుకి కాస్త, మాకు కాస్త. డ్రైవరు మరియదాసు పైపు మా చేతికిచ్చి, చూసీ చూడనట్టు టీకి పోయేవాడు.

ఆ నీళ్లతో కందిపప్పు ఉడికిందమ్మా, వెన్నపూసలాగా! గుల్జార్ మెడ ఎత్తలేదు గదా, గ్లాసు నేనే నోటికందించా. "తియ్యగా ఉన్నాయి పేరమ్మా" అంది. ఖాళీ గ్లాసు మళ్లీ చాపింది.

పునాది గట్టిపడింది. ట్యాంకరు ఆగిపోయింది. మిషన్ బిగించి పోయారు. మేం మళ్లీ బోరు దగ్గరికి.

రేపు రాయబారిగారు రిబ్బను కత్తిరించడానికి వస్తున్నాడు, మేమేం వాగుతామో అనేగా నీ కంగారు? భయపడబాకు, నీ ఉద్యోగానికి ఎసరు పెట్టం. దండ వేస్తాం. మిషన్ బ్రహ్మాండం అంటాం.

ఇంకేమన్నా కావాలా అని అడగక మానడుగా? ఈసారి నీళ్లని నోరు జారం. ఇంకో మిషన్ కావాలంటాం. దేనికంటే దేనికోదానికి, మాకెందుకు?

పునాది మాత్రం పెద్దదై ఉండాలమ్మా. ఏళ్ల తరబడి తడిపినా చాలనంత పెద్దది.