సర్కారు పొయ్యి

బిలాస్‌పూర్ స్టీము షెడ్డులో ఫిట్టరుగా రిటైరైన ముసలాయన పనిచేసుకునే పాక దగ్గరికి, సర్కారు గ్రాంటుతో తయారైన కొత్త వస్తువుల్ని బజారుకు చేర్చే ఆఫీసరు వచ్చాడు.

"మీరు చేసిన బొగ్గు పొయ్యి బాగుంది మేస్త్రి గారూ, పొగే లేదు. ఉస్లాపూర్ వ్యాపారి అమ్మిపెడతానన్నాడు. మీ ఇంట్లో ఎన్నాళ్లుగా వాడుతున్నారు?"

"ఇంట్లో ఏటి బాబూ! సర్కారు సొత్తు కదా. ముప్పయ్యేళ్ల డ్యూటీలో షెడ్డు నుంచి ఒక్క మేకు కూడా ఇంటికి తేనేదు నేను."

"ఆర్నెల్లు ఇంట్లో వండినట్టు రాసిస్తేనే అతను తీసుకుంటాడు."

"అలగని ఎవులూ సెప్పనేదు."

"మంజూరు కాగితంలోనే ఉందండీ. మొదటి పొయ్యి మీ ఇంట్లోనే వాడి చూడమని."

"అచ్ఛా... ఇంగ్లీషు కాగితం బాబూ. దేవుడి పటం ఎనకాల దాసేను. ఎప్పుడొచ్చిందది?"

"రెండేళ్లయింది. పోనీ, ఇవాళే ఇంటికి పట్టుకెళ్లండి. అమ్మగారు వండి చూస్తారు."

ముసలాయన పొయ్యి మీది దుమ్ము తువ్వాలుతో తుడిచాడు.

"మా ముసల్ది మొన్న మాఘంలో ఎల్లిపోనాది బాబూ. సివరిదాకా ఆ పాత సిగడీ కుంపటి పొగలోనే వండింది. దాని దగ్గు సూడనేకే ఈ పొయ్యి సేసేను."