బండ మీది పుస్తకం

అన్యాయం ఎవరికి జరిగింది, ఎలా జరిగింది? గిద్దలూరు దాటాక, నల్లమల అంచున ఒక నిట్టనిలువు బండ కింద, నడుముకు తాడు బిగించుకుంటూ అత్తగారు అల్లుణ్ణి సూటిగా అడిగిన మాట అది.

"ఎవరికీ జరగలేదత్తా. ఫోన్ చూపించినచోట దాచిన డబ్బా వెతికి, దాంట్లో పుస్తకంలో పేరు రాసే ఆట ఇది. పోయినేడు ఈ బండ మీది పుస్తకంలో నా పేరుతో పాటు మీ పేరూ పడింది. అంతే గదా."

"ఆ పొద్దు నేను కింద రోడ్డుకాడ కూచోని మజ్జిగ తాగుతా ఉంటిని. ముప్పయ్యేండ్లు బడిలో దొంగహాజరు వేయనియ్యని మనిషిని. అన్యాయం ఆ పుస్తకానికి జరిగింది."

"దానికోసం ఆర్నెల్లు ఇద్దరం రాక్ క్లైంబింగ్ నేర్చుకోవాల్నా? పేరు కొట్టేస్తే పోయేది."

"కొట్టివేతలు నాకు గిట్టవు. తాడు పట్టుకో. పైకి చూడబాక, ప్యాంటులో ఉండా."

"చూడకుంటే తాడెట్ల వదిలేది?"

"అట్లయితే బూట్లవరకే చూడు."

అరగంటకు ఆమె పైకి చేరి డబ్బా తెరిచింది.

"పేర్లు రెండూ ఉండాయి. చేతిరాత నీది కాదే?"

కిందనుంచి అల్లుడు గొంతు పెంచి చెప్పాడు.

"ఆ పొద్దు నన్ను ఎక్కించేదానికి వచ్చిన సారు పైకి పోయి రాసినాడత్తా. సగంలో నాకు కండ్లు తిరిగినాయి."

"అయితే పుస్తకానికి ఇద్దరం బాకీనే. నా వంతు తీర్చినా. తాడు కట్టుకో, పైనుంచి నేను పట్టుకుంటా."

రెండు గంటలు బండకు బల్లిలా కరుచుకుని పాకిన అల్లుడు, పైకి రాగానే బోర్లా పడ్డాడు. ఆమె పుస్తకం మూసి డబ్బాలో పెట్టింది.

"ఇంక నీ కండ్లు తిరిగినా నాకు అభ్యంతరం లేదు నాయనా. బాకీ మొత్తం తీరింది."