చేతిదీపానికి రిపేరు

పొద్దున్నే. షెడ్డులో పనిబల్ల దగ్గర వడ్రంగి, గుమ్మంలో టీ గ్లాసుతో ఆయన భార్య.

“ముందు ఆ చేతిదీపం ఇలా తెచ్చివ్వు.”

“ఎందుకండీ? హాల్లో బుద్ధిగా కూర్చుంది. దాని జోలికెళ్ళకండి.”

“చిన్న రిపేరుంది.”

“మొన్న మొన్న చేసిన దీపానికి రిపేరా? మీ చేతి పనికా?”

“నా చేతి పనికే. అడుగు చెక్క ఊగుతోంది.”

“ఊగట్లేదు. పక్కన నీళ్ళ గ్లాసు పెట్టి బల్ల కదిపి మరీ చూశా, గ్లాసే ఊగింది, దీపం కదల్లేదు.”

“అయితే పిడి. పిడిలో ఉంది లోపం.”

“పిడిలోనా? టేకు ముక్క ఏరి, నా గుప్పిట దారంతో కొలిచి, నాలుగుసార్లు చిత్రిక పట్టారు. బ్యాటరీ బల్బు చుట్టూ పలకలన్నీ ఒక్క మేకు లేకుండా బిగించానని వీధంతా చెప్పుకొచ్చారు. ఇరవై ఏడేళ్ళ కాపురంలో మీ పనికి మీరు వంక పెట్టడం ఇదే చూడ్డం. ఎదురింటికి మీరు చేసిన తలుపు మూసుకోకపోతే, గోడే వంకరన్న మనిషి మీరు.”

“ఆ గోడ వంకరే.”

“సరే, వంకరే. ఈ దీపానికేమైంది?”

“చెప్తున్నా కదా, పిడి.”

“అసలెందుకు చేశారో గుర్తుందా? రాత్రి పదకొండైనా లైటార్పనని, నా పుస్తకాలు మీ ప్రాణానికొచ్చాయని, ఇది పట్టుకుని హాల్లోకి పోయి చదువుకోమన్నారు. పోతున్నా. మూడు రోజుల్నుంచీ హాయిగా పడుకుంటున్నారా లేదా?”

“పడుకుంటున్నా.”

“మరి కళ్ళు చింతనిప్పుల్లా ఉన్నాయేం?”

“రంపపు పొట్టు పడింది.”

“రెండు కళ్ళల్లోనా?”

“రెండు కళ్ళల్లోనే. టీ ఇస్తావా, అక్కడే నిలబడి చల్లారుస్తావా?”

“ఇస్తా. పిడి సంగతి తేల్చండి. ఇంకోటి పెడతారా?”

“తీసేస్తా.”

“తీసేస్తే పట్టుకెళ్ళేదెలా?”

“పట్టుకెళ్ళడం దేనికి?”

“అదేంటండీ, పట్టుకెళ్ళడానికే కదా చేసింది.”

“చేశాలే. బుద్ధి గడ్డి తిని చేశా. నిన్న మంచం తలవైపు పలక కొలిచాను. అక్కడ బిగిస్తే వెలుగు సరిగ్గా నీ వైపు పడుతుంది.”

“మరి మీ నిద్ర?”

“నా నిద్ర... నువ్వు పక్కన లేకపోతే రావడం లేదే. ఆ వెలుగూ, నువ్వు పేజీలు తిప్పే చప్పుడూ ఉంటే గానీ కళ్ళు మూతపడట్లేదు. మూడు రాత్రులు పైకప్పు చూస్తూ పడుకున్నా. నవ్వకు.”

“నవ్వట్లేదు.”

“నవ్వుతున్నావు. నీకేం, హాల్లో మహారాణిలా కాళ్ళు చాపుకుని చదువుకుంటున్నావు. దీపం ఇస్తావా, ఇవ్వవా?”

“తెచ్చిస్తా ఉండండి. హాల్లో ఆ మూడు రాత్రులూ నేను ఒక్క పేజీ తిప్పితే ఒట్టు.”