మూడు నెలలు బిడ్డను ముట్టుకోలేదంటే

"అవ్వా, నా బిడ్డ పుట్టి మూడు నెలలాయె, ఒక్కసారి ఎత్తుకోలేదు. పేరు పెట్టిన దినం కూడా దూరంగా కూర్చుంటివి. నిన్న నువ్వు కోలారు ఆస్పత్రి నుంచి వచ్చిందే తడవు, బిడ్డను ఒళ్ళోనుంచి దించలేదు. ఏమి కత ఇది?"

చెప్తా, కూర్చో. అక్కడ కాదు, ఈ పక్కకు రా, బిడ్డ మొగానికి ఎండ తగలతాండాది. ఆడబిడ్డ పుట్టిందని ముసలామెకు కోపమని మీ అత్త అనిందంట కదా? నాకు తెలుసులే. కోపం కాదమ్మా. నాకు నా చేతులంటేనే భయమైపోయిండె.

ఇది మొదలైంది ఉగాదికి... కాదు కాదు, నీకు సీమంతం చేసినామే, అప్పుడు. తెల్లారి లేస్తే బొటనవేలు, దాని పక్క రెండు వేళ్ళు జోము పట్టి తిమ్మిరెక్కినట్టు, చీమలు పాకినట్టు. విదిలిస్తే పోయేది. మళ్ళా పాలు పిండేదానికి ఆవు కింద కూర్చుంటే మంట, మోచేతి దాకా సలుపు. సలికాలం కదా అనుకుంటి. ఇంగ రానురాను రైకకు గుండీ పెట్టుకోలేకపోతి. అప్పుడు గుర్తుకొచ్చింది మా పెద్దమ్మ.

మా అమ్మకు అక్క. కురుడుమలె పక్కన ఒక పల్లెకు ఇచ్చినారు. పది ఆవులుండె ఇంట్లో, పాలు పిండేదంతా ఆమే. ఆమెకూ వేళ్ళు తిమ్మిరెక్కి, చెంబు జారవిడస్తా ఉన్నింది. అంతే, ఎవురో పెద్దరోగమనిరి. కుష్టు అనే మాట నోటితో పలికేది లేదు అప్పుడు. కొట్టం పక్కన గుడిసె ఏసి, తినేదానికి వేరే తట్ట, తాగేదానికి వేరే చెంబు పెట్టినారు. మేము ఆ ఊరికి పోతే ఆమెకు ముద్ద పెట్టొచ్చే పని నాది. గడప బయట పెట్టి పరిగెత్తొచ్చేదాన్ని. "ఇట్ల రా పాపా, ఒకసారి" అనేది. నేను పోయేది లే.

అందుకే నీ బిడ్డను ముట్టలే. పచ్చి బిడ్డ, ఏమన్నా అంటుకుంటే? చెప్తే నాకూ వేరే తట్ట పెడతారేమో అని ఇంగొక భయం. నువ్వు అట్ల చేసేదానివి కాదు, తెలుసు. అయినా భయమైతే ఉన్నింది కదమ్మా. ఒక దినం పొయ్యిమీద నుంచి తీసిన రాగిముద్దను అరచేతిలో పెట్టుకొని చూస్తి, ఆ రోగముంటే చురుకు తెలీదంటారే, కాలతాదా లేదా అని. సుర్రుమనింది. ఎంత సంతోషమో! మరుసటి దినం మళ్ళా అనుమానం, మళ్ళా కాల్చుకునేది. నగతావా? నగు, నగు.

మొన్న డెయిరీకి పోసే పాలక్యాను జారి వాకిలంతా పాలే. మీ అమ్మ సంగతి తెలుసు కదా, నాకు కోడలు కాదు, అత్త! నిన్న చెప్పులు కూడా సరిగా ఏసుకోనీలే, ఆటో ఎక్కిచ్చేసింది.

డాక్టరమ్మ చిన్నది, నీ వయసుంటాది. నేను చేతులు కొంగులో దాచుకొనుంటి. "ఇట్లియ్యవ్వా" అని ఉత్త చేతుల్తో పట్టుకొనె రెండిటినీ. చిటికెన వేలు ఎట్లుంది అనె. దానికేమీ లేదమ్మా, దాన్ని ఆఖరికి తింటాదేమో అంటి. పెద్దరోగాన్ని మనసులో పెట్టుకొని నేనన్న మాట ఆమెకు అర్థం కాలే. ఏం పని చేస్తావనె. యాభై ఏండ్లుగా పాలు పిండతానంటి. ఎట్ల పిండతావంటే ఇంగ నోటితో ఏం చెప్పేది, ఆమె రెండు వేళ్ళే పట్టుకొని, నా బొటనవేలు మడిచి పిండి చూపిస్తి. "అయ్యో చాలవ్వా, చాలు!" అని ఒకటే నగు. మీ అమ్మ తల కొట్టుకొనె.

షుగరుంటే ఇట్లయితాదంట, మెడలో నరం నొక్కుకున్నా, థైరాయిడున్నా, వైటమిను తక్కువైనా. మెడ తిప్పి చూసి, రక్తం తీసి మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టినారు. అవేమీ లేవు. మణికట్టులో నరం నలిగిపోయిండాదంట, అంతే! అప్పుడు ధైర్యం చేసి అడిగితి, కుష్టు కాదా అని. "కాదవ్వా. అదైనా ఇప్పుడు మాత్రలకు పోతాది. నువ్వు పోయి బిడ్డనెత్తుకో" అనె. ఏడిస్తినమ్మా, అందరి ముందరా. కొన్నాళ్ళు పాలు పిండొద్దని ఈ పట్టీ కట్టినారు. తగ్గకపోతే చిన్న ఆపరేషనంట. చేసుకోనీలే, దానికేముంది!

వచ్చేటప్పుడు దావంతా మీ అమ్మ, నేను నగుతానే ఉంటిమి. ఊరు దగ్గర పడినాక పెద్దమ్మ గుర్తుకొచ్చె. ఆమెకు నిజంగా పెద్దరోగమే వచ్చిండెనో, పది ఆవుల పాలు పిండి ఇట్లయ్యిండెనో, ఎవురికి తెలుసు? ఒక్కరన్నా ఆ చెయ్యి పట్టుకొని చూసినారా? నేనన్నా పోయింటే... పిలిచె కదా పాపం.

ఇదో, చూడు చూడు, నీ కూతురు నా బొటనవేలు ఎట్ల పట్టుకునిందో! తిమ్మిరిలో సరిగా తెలీదు, స్వల్ప స్వల్ప తెలస్తాండాది. పట్టుకో తల్లీ, గట్టిగా పట్టుకో. ఎవురు పిలిచినా పోయి చెయ్యందుకునే బిడ్డవు కావల్ల నువ్వు. నూరేండ్లు సల్లగా ఉండు...