బండి దిగిన ఈనోక్

అమెరికాలోని ఉత్తర కరోలినా కొండల్లో అంతర్యుద్ధం మూడో ఏడు. సంతనుంచి రొప్పుతూ వచ్చిన పెద్ద కోడలిని చూసి అత్త పొయ్యి దగ్గరనుంచి లేచింది.

"మన చిన్నాడు ఈనోక్‌ని పటాలానికి పట్టుకుపోయారటగా?"

"చేతులు కట్టేసి బండెక్కించారత్తా. ఊరి ఆడవాళ్ళమంతా అడ్డం పడ్డాం."

"ఎందుకే? పెద్దాడు నవ్వుతూ వెళ్ళాడు."

"వెళ్ళాడు, తిరిగి రాలేదు. ఇరవైమంది బానిసలున్న దొర కొడుకేమో ఇంట్లో ఉండొచ్చట. వీడెందుకు పోవాలి?"



"సిపాయిలు కాల్చలేదూ?"

"తల్లుల్ని ఎలా కాలుస్తారు? తలొంచుకుని కట్లు విప్పేశారు."

"మరి నా బిడ్డేడీ?"

"వాకిట్లో ఉన్నాడు. నువ్వేమంటావోనని భయం."

"అనేదేముంది, లోపలికి రమ్మను. సిపాయిలు మళ్ళీ వస్తే ఆ బండి ముందు నేనే పడుకుంటాను."