కాల్చనివాడు

ఫోనెత్తు నాన్నా, ఎత్తు… గోడవతల మోగుతూనే ఉంది… ఏం చేసుకున్నాడో ఏమో, దేవుడా…

హలో! … ఆ, నేనేరా, అమ్మని. వంటింట్లోంచే.

పెట్టెయ్యకు! తలుపు కొడితే పలకవు, మరేం చెయ్యను? … ఊపిరి వినిపిస్తోంది. అది చాలు. పలకద్దులే, నేనే మాట్లాడతా.

అన్నం పళ్ళెం నీ గుమ్మం దగ్గర పెట్టింది పెట్టినట్టే ఉంది.

…

నీ జపాన్ బొమ్మల సీరియల్ నేనూ చూశాను. పదకొండు రోజులుగా తలుపేసుకుని చూస్తున్నావే, అదే. పక్కింటి పిల్ల నా ఫోన్‌లో పెట్టిచ్చింది. సగం బుర్రకెక్కలేదు. కళ్ళేమో సాసర్లంత. ఆకాశంలో ఓడలు, కింద గుర్రాలు. చుక్కల దాకా ఓడ నడిపినవాళ్ళకి ఊళ్ళోకి ఓ బస్సు దొరకలేదట్రా?

… నవ్వావా? … దగ్గా. సరే.

ఆ తుపాకీవాడు గురి తప్పడు. కానీ మనిషిని కాల్చడు. దొంగన్న ముద్ర వేసి ఊరూరా తరుముతున్నా కాల్చడు. చూస్తూ చూస్తూ, మావాడూ ఇంతే కదా అనుకున్నా. బ్యాంకు గుమ్మంలో రెండేళ్ళు కాపలాకి తుపాకీ పట్టుకుని నిలబడ్డావు, చీమకైనా హాని చెయ్యలేదు. ఆ దొంగవెధవ క్యాషియరమ్మ మీద పేల్చిన రోజూ… నీ తుపాకీ పేలలేదు.

…

ఆవిడ పోయిందని తెలిసినప్పుడు నేనో మాట అన్నాను. “చేతిలో తుపాకీ ఉంచుకుని కొయ్యలా నిలబడ్డావా” అని… వినరా, పెట్టెయ్యకు! కన్నదాన్ని, అనకూడదు. నోరు జారింది. అప్పట్నుంచే కదూ ఈ తలుపు?

నిన్న చూసిన భాగంలో, వాడు కాల్చనందుకు ఒకామె పోతుంది. ఇసకలో బోర్లాపడి ఏడుస్తాడు. నాకు కోపం రాలేదురా. లేపి కూర్చోబెట్టి మంచినీళ్ళు తాగించాలనిపించింది. పరాయి బొమ్మ మీద వచ్చిన జాలి, నీ మీద రాలేదేంట్రా నాకు?

…

నువ్వూ అందుకే కదూ కాల్చంది? మనిషి ప్రాణం తియ్యకూడదనే కదూ? ఊఁ అను చాలు. ఎవడేమన్నా నేను జవాబు చెప్పుకుంటా.

…

…

నాన్నా? … ఉన్నావా? ఏదో ఒకటి అనరా…

…

ఆ? … మళ్ళీ చెప్పు.

… కాదా?

భయమేసిందా… చెయ్యే లేవలేదా…

అంతేనా.

… లేదు, లేదు, తిట్టట్లేదు. ఏడువు. నా కడుపున పుట్టి భయపడకుండా ఎట్లా ఉంటావురా? నువ్వు మెట్లు దిగితే నాకు భయం, వాన పడితే భయం, ఫోన్ ఎత్తకపోతే భయం. పాలతో పాటు అదే పట్టాను నీకు.

ఊఁ… ఊఁ…

ఆ క్యాషియరమ్మ నీ వైపే చూసిందా…

… ఇంక ఫోన్‌లో వద్దు నాన్నా. గడియ తియ్యి.

…

ఆ… వినపడింది. వస్తున్నా, పెట్టేస్తున్నా.